చేతులు దించకండి సార్

ఆ కుర్చీ వచ్చి ఏడు నెలలైంది. ఇంతవరకూ దానిమీద ఒక్క మనిషీ సుఖంగా కూర్చోలేదు.

వృద్ధాశ్రమం మేనేజర్ గదిలో, బీరువాకీ కిటికీకీ మధ్య, ఒంటినిండా ప్లాస్టిక్ కవరు కప్పుకుని, కొత్త అల్లుడిలా బిగదీసుకుని ఉంటుందది. బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ. చేతికి అందేచోట బొటనవేలంత లివర్. ముందుకి తోస్తే ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి వెళ్తుంది, పక్కకి వంచితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఎవరో పెద్ద కంపెనీ వాళ్ళు దానంగా ఇచ్చారు. మేనేజర్ పొద్దున్నే రాగానే తన జేబురుమాలుతో ఆ కవరు మీది దుమ్ము తుడుస్తాడు. ఆశ్రమంలో ఉన్న అరవై నలుగురు ముసలివాళ్ళలో ఒక్కరి మొహమైనా అంత శ్రద్ధగా తుడిచిన పాపాన పోలేదు.

"ఎవరు వాడుతున్నారు సార్ దీన్ని?" అని చూడవచ్చినవాళ్ళు అడిగితే, "అర్హుల్ని ఎంపిక చేస్తున్నామండీ. ఊరికే ఇచ్చేస్తే విలువుండదు కదా" అంటాడు.

అర్హతకి ఒక ఫారం ఉంది. పన్నెండు ప్రశ్నలు. మేనేజర్ మూడు రోజులు తలుపు వేసుకుని కూర్చుని తయారు చేశాడు. మూడో ప్రశ్న, 'ఇటువంటి యంత్రం నడిపిన పూర్వానుభవం ఉన్నదా?' ఏడో ప్రశ్న, 'ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడి కుర్చీని శుభ్రం చేసుకోగలరా?' లేచి నిలబడగలిగినవాడికి కుర్చీ దేనికని ఎవరూ అడగలేదు. పదకొండు మంది పరీక్షకి వచ్చారు. పదకొండు మందీ మూడో ప్రశ్న దగ్గరే రాలిపోయారు. ఫారం ఫైల్లో చేరిన ప్రతిసారీ మేనేజర్ గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకునేవాడు.

పన్నెండోవాడు క్రేన్ తాత.

ముప్పై ఒక్కేళ్ళు ఓడరేవులో క్రేన్ నడిపాడాయన. పన్నెండంతస్తుల ఎత్తున, అద్దాల పెట్టెలాంటి క్యాబిన్‌లో కూర్చుని, ఇళ్ళంత ఉన్న కంటైనర్లని గిన్నెలో గుడ్డు పెట్టినంత మెత్తగా ఓడలో దించేవాడు. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పొద్దున్నే పోయాయి. మిగతావన్నీ ఉన్నాయి. వినబడుతుంది, అర్థమవుతుంది, కోపం వస్తుంది. ముఖ్యంగా ఆ మూడోది.

రోజూ తొమ్మిదింటికి వార్డు మనిషి వచ్చి తాతని తోపుడు కుర్చీలో వేసి, హాలు చివర చేపల తొట్టి ముందు నిలబెట్టి వెళ్ళిపోతాడు. పదకొండింటికి వచ్చి వెనక్కి తోసుకుపోతాడు. తొట్టిలో ఉన్నది ఒక్కటే చేప. రెండేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇద్దరికీ విసుగెత్తిపోయింది.

తాతకి కావలసింది చేప కాదు. వరండా.

నడవాకి అవతలి కొసన ఒక వరండా ఉంది. ఒకరోజు వార్డు మనిషికి ఫోనొస్తే, సిగ్నల్ కోసం కుర్చీతో సహా అక్కడికి వెళ్ళాడు. ఎదురుగా రోడ్డవతల కొత్త భవనం కడుతున్నారు. దాని నెత్తిన పసుపు రంగు క్రేన్. ఆ నడిపేవాడెవడో గానీ ఇనుప కమ్ముల కట్టని గాల్లో ఊయలూపుతున్నాడు. తాతకి ఒళ్ళు మండిపోయింది. వాడిని, వాడికి లైసెన్సిచ్చినవాడిని, వాళ్ళ వంశాలనీ లోలోపల కడిగేశాడు. ఆ పది నిమిషాలూ రెండేళ్ళలో మొదటిసారి ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఫోనయిపోయింది. మళ్ళీ చేప.

ఆ వరండాకి తీసుకెళ్ళమని అడగడానికి తాతకి ఒక మాట్లాడే పలక కూడా ఉంది. తెర మీద పద్నాలుగు బొమ్మలు. ఒక్కో బొమ్మ నొక్కితే ఒక్కో వాక్యం పలుకుతుంది. ఆ వాక్యాలు ఎంచినది మేనేజరే. 'ధన్యవాదాలు', 'భోజనం బాగుంది', 'నేను చాలా బాగున్నాను', 'ఇక్కడ అందరూ నన్ను బాగా చూసుకుంటున్నారు', 'నాకు నిద్ర వస్తోంది'. ఇలా పద్నాలుగు. అందులో 'వద్దు' లేదు. 'వరండా' లేదు. గొంతు మాత్రం సబ్బు ప్రకటనలో అమ్మాయిది. డెబ్బై నాలుగేళ్ళ ఓడరేవు మనిషి, మీసాలున్న మనిషి, పలక నొక్కగానే ఇరవయ్యేళ్ళ పిల్ల కిలకిలమంటుంది. వారం రోజులు తాత దాన్ని బోర్లించి పెట్టాడు.

కాబట్టి మిగిలిన దారి కుర్చీ ఒక్కటే. అది చేతికొస్తే నడవా దాటి వరండాకి తనే పోవచ్చు. ఒకడి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు.

*

పరీక్ష పెట్టింది ఫిజియో అమ్మాయి. ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. మనసు వెన్న. చేతులు మాత్రం ఒక్క క్షణం ఒక్కచోట ఉండవు. టీ తాగావా అని అడగడానికి కూడా రెండు చేతులూ వాడుతుంది.

మూడో ప్రశ్న దగ్గర ఆమె ఆగి, "ముప్పై ఒక్కేళ్ళు, ఇంతకన్నా చాలా పెద్దది" అని రాసింది. మేనేజర్ మొహం వాడిపోయింది. అంతవరకూ ఎవరూ మూడో ప్రశ్న దాటలేదు. ఇప్పుడు కుర్చీ బయటికి తీయక తప్పలేదు.

"కవరు తీయొద్దమ్మా. దానిమీదే కూర్చోబెట్టు" అన్నాడు.

ప్లాస్టిక్ కిర్రుమంటుండగా తాతని కూర్చోబెట్టారు. కుర్చీకి రెండు లివర్లు. ఒకటి కూర్చున్నవాళ్ళ ఎడమ చేతి దగ్గర, రెండోది వీపు వెనక, తోసేవాళ్ళకి. పక్కన చిన్న తాళంచెవి. అది ఎటు తిప్పితే ఆ లివర్ పనిచేస్తుంది. ఫిజియో దాన్ని తాత వైపు తిప్పింది. తాత ఎడమ చెయ్యి లివర్ మీద పడింది. ఆ స్పర్శకి వేళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి.

"తాతగారూ, నన్నే చూడండి. నేను చెప్పినట్టు చెయ్యండి" అంటూ ఆమె ఎదురుగా పది అడుగుల దూరంలో నిలబడింది.

సరే, సిగ్నల్ మనిషి కుదిరింది అనుకున్నాడు తాత.

ఓడరేవులో అదే పద్ధతి. పన్నెండంతస్తుల మీదికి కింది మాట వినబడదు. కింద ఒక సిగ్నల్ మనిషి ఉంటాడు, వాడి చేతులే మాట. వాడు వేలు ఎటు చూపిస్తే అటు తిప్పాలి. చెయ్యి తనవైపు ఊపితే రావాలి. అరచెయ్యి నేలకేసి చాపితే ఆపాలి. పిడికిలి బిగిస్తే, ఓడ మునుగుతున్నా సరే, కదలకూడదు. ఇంజిను మోతలో, గాలి హోరులో, ఎవడి నోరు ఎంత కదిలినా దాన్ని పట్టించుకోకూడదు. ముప్పై ఒక్కేళ్ళు తాత కళ్ళు చేతుల్నే విన్నాయి.

"మెల్లగా ముందుకి రండి" అంది ఫిజియో, అరచెయ్యి నేలకేసి చాపి.

తాత ఆగాడు.

"రండి తాతగారూ, భయపడకండి" అంది, ధైర్యం చెబుతూ పిడికిలి బిగించి.

తాత కదల్లేదు. రాయిలా ఉన్నాడు.

"సరే, ఎడమకి తిరగండి" అంటూ చేతిలో పెన్నుతో తన ఎడమ వైపు చూపించింది. అది ఎదురుగా కూర్చున్న తాతకి కుడి. ఆయన చులాగ్గా కుడికి తిప్పాడు, గోడకి నాలుగు వేళ్ళ ఎడం వదిలి.

ఈ పిల్లకి నోరొకటి చెబుతుంటే చెయ్యొకటి చెబుతోంది, కొత్తగదా, నేర్చుకుంటుందిలే అనుకున్నాడాయన. రెండూ వేరైనప్పుడు చెయ్యిదే మాట. ఆ సంగతి ఏ ఆపరేటర్‌కైనా తెలుసు. పరీక్ష అయ్యేసరికి తాత లోపల మీసం దువ్వుకుంటున్నాడు. ఒక్క సిగ్నల్ కూడా తప్పలేదు.

ఫలితం మర్నాడు చెప్పారు. పన్నెండుకి రెండు. కింద ఎర్ర సిరాతో, 'సూచనలు అర్థం చేసుకోలేకపోతున్నారు. ప్రమాదకరం.'

మేనేజర్ కుర్చీని తనే తోసుకెళ్ళి బీరువా పక్కన పెట్టి, కవరు ముడతలు సాపు చేశాడు.

*

గురువారం జెండా వచ్చాడు.

ఇరవై రెండేళ్ళు తాతకి కింద నిలబడి సిగ్నల్ ఇచ్చినవాడు జెండా. చేతిలో ఎప్పుడూ ఎర్ర జెండా ఉండేది కాబట్టి ఆ పేరు. రిటైరయ్యాక జెండా పోయింది, పేరు మిగిలింది. ప్రతి గురువారం వస్తాడు, గంటసేపు తాత పక్కన కూర్చుని లోకాన్ని తిట్టిపోసి వెళ్తాడు.

"ఏం బావా, ఫెయిలయ్యావంట. పడవలంత బరువులు దించావు, ఈ పీట నడపలేకపోయావా?"

తాత పలక నొక్కాడు. "ఇక్కడ అందరూ నన్ను బాగా చూసుకుంటున్నారు" అంది సబ్బు పిల్ల.

"తెలుస్తోందిలే నీ మొహం చూస్తే" అన్నాడు జెండా. అటుగా పోతున్న ఫిజియోని పిలిచాడు. "అమ్మాయ్, వీడికి కుర్చీ నడపడం రాదని రాసింది నువ్వేనా?"

"నడపడం రాదని కాదండీ. నడపడం నాకంటే బాగా వచ్చు. చెప్పిందే వినరు. రమ్మంటే ఆగుతారు, ఎడమ అంటే కుడికి పోతారు. ఒకసారి రెండుసార్లు కాదు, ప్రతిసారీ."

"ప్రతిసారీనా? ఒక్కసారి కూడా పొరపాటున సరిగా చెయ్యలేదా?"

"లేదండీ."

"అంత పక్కాగా తప్పు చెయ్యడం ఎవడివల్లా కాదమ్మా. ఎలా చెప్పావో ఓసారి చెప్పి చూపించు."

"ఏముంది, మెల్లగా ముందుకి రండి తాతగారూ అన్నాను" అంది. అంటూ అరచెయ్యి నేలకేసి చాపి గాలిని నిమిరింది.

"ఆ చెయ్యేంటి?"

"ఏ చెయ్యి?"

"నీదేనమ్మా. ఇక్కడ ఇంకెవరిదుంది?"

ఆమె తన చేతిని ఎవరో ఇప్పుడే తగిలించి పోయినట్టు చూసుకుంది.

"అది 'ఆపు' అని సిగ్నల్. తర్వాతేమన్నావు?"

"భయపడకండి అన్నాను" అంటూనే పిడికిలి బిగించింది. బిగించిన పిడికిలిని మధ్యలోనే చూసుకుని కొయ్యబారిపోయింది. "ఇది?"

"కదిలితే చంపుతా అని."

జెండాకి నవ్వాగలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, తాత భుజం చరిచాడు. తాత నవ్వలేదు. అమ్మాయి మొహం చూస్తూ ఉన్నాడు. తనకి రెండు మార్కులెందుకొచ్చాయో ఆయనకీ ఇప్పుడే అర్థమైంది. మీసం దువ్వుకున్న సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. తను కళ్ళతో వింటే, లోకం చెవులతో వింటుందని మరిచిపోయాడు.

ఫిజియో నేరుగా మేనేజర్ గదికి వెళ్ళింది. "సార్, తప్పు నాది. మళ్ళీ పరీక్ష పెడతాను."

"ఒకసారి పోతే ఆరు నెలలు ఆగాలమ్మా. రూలు."

"ఆ రూలు ఎక్కడుంది సార్?"

"ఇప్పుడే చెప్పాను కదా" అన్నాడు మేనేజర్.

*

మర్నాడే కంపెనీ నుంచి ఫోనొచ్చింది. శనివారం పెద్ద మేడమ్ స్వయంగా వస్తున్నారు, కుర్చీ వాడుతున్న మనిషిని చూస్తారు, తృప్తి కలిగితే ఇంకో అయిదు కుర్చీలిస్తారు, ఆశ్రమం గోడకి మేనేజర్ పేరుతో రాయి కూడా వేయిస్తారు.

ఆ రాయి మాట విన్నాక మేనేజర్‌కి నిద్రపట్టలేదు. వాడుతున్న మనిషి ఒకడు కావాలి, అదీ ఒక్క పూటకి. అరవై నలుగురినీ మనసులో వరస పెట్టి చూశాడు. ఒకామె నిజాలు మాట్లాడుతుంది. ఒకాయన ఏడుస్తాడు. ఎదురు మాట్లాడలేనిది ఒక్కడే.

శనివారం పొద్దున్న తాత గదికి వార్డు మనిషితో వచ్చాడు మేనేజర్. "ఈయన్ని కూర్చోబెట్టండి. తాళం నా దగ్గరే ఉంటుంది, వెనక లివర్‌తో నేనే నడుపుతాను. కవరు జాగ్రత్తగా విప్పండి, చింపొద్దు. ఫొటోలయ్యాక మళ్ళీ వేసెయ్యాలి."

ఇదంతా తాత ఎదుటే అన్నాడు. మాట పోయినవాడి ముందు ఏమన్నా పరవాలేదని లోకంలో చాలామందికి ఒక నమ్మకం. గోడ ముందు మాట్లాడినట్టు మాట్లాడతారు.

తాత విన్నాడు. పలకని బోర్లించి ఉన్నచోటు నుంచి తీసి, ఎడమ చేత్తో ఒళ్ళో పెట్టుకున్నాడు. మేనేజర్ అది చూసి ముచ్చటపడ్డాడు కూడా.

పదిన్నరకి హాలు నిండింది. వెనక బ్యానర్ మీద మేనేజర్ ఫొటో గుమ్మమంత ఉంది, కుర్చీ ఫొటో పోస్టుకార్డంత ఉంది. పెద్ద మేడమ్ వచ్చారు. చకచకా నడిచే మనిషి, పొద్దున్నించీ ఇది మూడో ఆశ్రమం. వెంట ఫొటోగ్రాఫర్. ఫిజియో పిలిస్తే జెండా కూడా వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు.

మేనేజర్ వెనక లివర్ పట్టుకుని కుర్చీని లోపలికి నడిపించుకొచ్చాడు. నడిపించడమంటే, ముందు తలుపుకి తగిలించాడు, తర్వాత మైకు స్టాండు పడగొట్టాడు, చివరికి బల్ల కాలికి ఆనించి ఆపాడు. అంతసేపూ తాత ఎడమ చెయ్యి చచ్చుబడిన లివర్ మీద ఊరికే కదులుతూ ఉంది, పక్కవాడు కారు నడుపుతుంటే మనం కాలితో నేల నొక్కినట్టు.

"తాతగారూ, కొంచెం కృతజ్ఞతగా చూడండి" అన్నాడు ఫొటోగ్రాఫర్.

తాత చూసిన చూపుకి అతను కెమెరా దించేశాడు.

మేనేజర్ మైకందుకున్నాడు. "ఈ కుర్చీ వచ్చాక ఈ పెద్దాయన జీవితమే మారిపోయింది మేడమ్. పొద్దున్నెక్కితే దిగరు. ఆశ్రమమంతా చుట్టేస్తారు. మేమే బతిమాలి అన్నానికి దింపుతాం."

"నాకు నిద్ర వస్తోంది" అంది సబ్బు పిల్ల, గలగలా.

హాలు గొల్లుమంది. పెద్ద మేడమ్ కూడా ఫోన్లోంచి తలెత్తారు. లేచి కుర్చీ దగ్గరికి వచ్చి, చేతిపిడి మీదున్న చిన్న తెర నొక్కి వంగి చూశారు.

"ఇందులో ఎంత దూరం తిరిగిందో ఉంటుందండీ. ఏడు నెలలకీ కలిపి నలభై ఆరు మీటర్లు చూపిస్తోంది."

"ఆ మీటరు సరిగా పనిచెయ్యదు మేడమ్. నాసిరకం."

"మా ఫ్యాక్టరీలో చేసిందేనండీ."

మేనేజర్ జేబురుమాలు తీసి ఆ తెర తుడిచాడు.

"ఆయన్నే ఓసారి నడపమనండి, చూద్దాం" అన్నారామె.

"తప్పకుండా మేడమ్, కానీ ఇవాళ ఆయనకి ఒంట్లో బాలేదు."

"నేను చాలా బాగున్నాను" అంది పలక. మేనేజర్ స్వయంగా ఎంచి పెట్టిన వాక్యమది.

"సార్, తాళం" అంది ఫిజియో, చెయ్యి చాపి. కెమెరా అటే తిరిగి ఉంది. మేనేజర్ జేబులోంచి తాళంచెవి తీసిచ్చాడు, సొంత పన్ను పీకి ఇచ్చినట్టు. ఇస్తూ ఆఖరి బాణం వేశాడు. "ఈయన మనం చెప్పింది అర్థం చేసుకోలేరు మేడమ్. పరీక్షలో పోయారు. ఇదిగో ఫారం, ఈ అమ్మాయి సంతకమే. ఏదైనా జరిగితే నా పూచీ లేదు."

ఫిజియో తాళం తాత వైపు తిప్పింది. రెండు అడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ వీపు వెనక కట్టేసుకుంది.

చివరి వరసలోంచి జెండా లేచాడు. నడుం నొప్పి మనిషి, ఆ నిమిషానికి నిటారుగా ఉన్నాడు. తాత ఎదురుగా వచ్చి నిలబడి, చెయ్యెత్తి తనవైపు ఊపాడు.

కుర్చీ కదిలింది.

కింద పడున్న మైకు స్టాండు చుట్టూ తిరిగింది. వరసల మధ్య సందులోంచి, ఎవరి కాలికీ అంగుళం తగలకుండా వచ్చింది. జెండా వెనక్కి నడుస్తున్నాడు, వేలు చూపిస్తున్నాడు, తాత తిప్పుతున్నాడు. ఇద్దరి నోట్లోంచీ ఒక్క మాట లేదు. హాల్లో ఉన్నవాళ్ళు గుడ్లప్పగించి చూసి, ఒక్కొక్కరే లేచి వెనకబడ్డారు. చేపల తొట్టి పక్కనుంచి పోతూ తాత అటు చూడనైనా లేదు.

నడవా మలుపు దాటాక మేనేజర్‌కి తెలిసింది, ఈ ఊరేగింపు ఎటు పోతోందో. వరండా. గుమ్మం దగ్గర చిన్న వాలు, దాని కింద నిన్న కురిసిన వాన నీళ్ళు, బురద. పక్కనుంచి పరుగెత్తి, జెండాని భుజంతో తోసుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ బారజాపాడు.

"ఆపండి. కొత్త టైర్లు పాడైపోతాయి."

పడిపోతారు అనలేదు. టైర్లు అన్నాడు. వెనక వస్తున్న పెద్ద మేడమ్ అది విన్నారు.

తాతకి ముందు నిగనిగలాడే బూట్లు కనిపించాయి. వాటి వెనక గుమ్మం, గుమ్మంలోంచి ఆకాశం ముక్క, అందులో పసుపు రంగు క్రేన్ కొస. నాలుగు గజాలు. లివర్ వదలకపోతే చాలు. ఆ బూట్లమీంచి పోతే, ఈ ఏడు నెలలకీ అదే సమాధానం. మేనేజర్ తోస్తే తడబడి నిలదొక్కుకున్న జెండా చెయ్యి ఇంకా రమ్మనే చూపిస్తోంది.

కానీ ఎదురుగా రెండు చేతులు బారజాపి ఉన్నాయి. రేవులో ఆ ఒక్క సిగ్నల్‌కి సొంతదారు లేడు. ఎవడు చూపించినా సరే, కూలివాడైనా, దారిన పోయేవాడైనా, పరమ శత్రువైనా సరే, ఆపి తీరాలి. బుద్ధి ఇంకా బేరమాడుతుండగానే చెయ్యి లివర్ వదిలేసింది. కుర్చీ టక్కున ఆగింది. పాదాల పలకకీ మేనేజర్ ప్యాంటుకీ మధ్య రెండు వేళ్ళ ఎడం.

అయిపోయింది అనుకున్నాడు తాత. తన చెయ్యే తనని ముంచింది.

జెండా చెయ్యి దించి, పెద్ద మేడమ్ వైపు తిరిగాడు. "చూశారా అమ్మా. చెప్పింది అర్థం కాని మనిషి. ఆ బాబు మీదికి ఎక్కించెయ్యాలని వీడికి ఎంతుంటుందో నాకు తెలుసు. అయినా ఆపాడు. ఆ చేతులు అలా ఉన్నంతసేపూ కదలడు. దించగానే నేను రమ్మంటాను, వస్తాడు."

మేనేజర్ ఒక చెయ్యి కాస్త దించాడు. జెండా చెయ్యి లేచింది. కుర్చీ బుయ్‌మంది. మేనేజర్ చెయ్యి మళ్ళీ పైకెళ్ళిపోయింది.

"చేతులు దించకండి సార్" అంది ఫిజియో మర్యాదగా. "మీ కాళ్ళు చక్రాలకి ముందున్నాయి."

పక్కకి తప్పుకుంటే అయిపోయేది. ఆ ఆలోచన ఆయనకి తట్టలేదు. ఏడు నెలలుగా అడ్డంగా నిలబడటమే అలవాటు.

పెద్ద మేడమ్ ఫారం విప్పారు. "సూచనలు అర్థం చేసుకోలేరని రాసింది మీరేనా అమ్మా?"

"నేనేనండీ. తప్పు రాశాను. అర్థం కానిది ఆయనకి కాదు, నాకు. ఇప్పుడే సరిచేస్తాను." ఫారం అందుకుని గోడకి ఆనించి పైకి చదవడం మొదలుపెట్టింది. "ఇరుకు దారిలో నడపగలరా? నడిపారు. మలుపు తిప్పగలరా? తిప్పారు. దారికి అడ్డం వచ్చినప్పుడు ఆపగలరా?" తలెత్తి మేనేజర్‌ని కింది నుంచి పైదాకా చూసి, టిక్కు పెట్టింది. "అధికారుల ఆదేశం పాటించగలరా? ఇదిగో, పాటిస్తూనే ఉన్నారు."

"ఈ ఏడోది ఏంటండీ, లేచి నిలబడి తుడవడమా? ఎవరు రాశారిది?" అన్నారు పెద్ద మేడమ్.

అందరి చూపూ మేనేజర్ మీదికి పోయింది. ఆమే పెన్ను తీసుకుని ఏడో ప్రశ్న అడ్డంగా కొట్టేశారు. మేనేజర్ చేతులు నొప్పెడుతున్నాయి. చంకల్లో చెమట పట్టి, బ్యానర్ మీది ఫొటో కోసం కుట్టించుకున్న చొక్కా తడిసిపోయింది.

"పదకొండుకి పదకొండు" అంది ఫిజియో. "కింద సంతకం మాత్రం మీదే కావాలి సార్."

ఫారం, పెన్ను ఆయన ముందు పట్టుకుంది. సంతకం పెట్టాలంటే చెయ్యి దించాలి. చెయ్యి దించితే కుర్చీ వస్తుంది. మేనేజర్ ఒకసారి ఫారాన్ని, ఒకసారి కెమెరాని, ఒకసారి తాత ఎడమ చేతిని చూశాడు. ఆ చెయ్యి లివర్ మీద, ఏ తొందరా లేకుండా, ఎంతసేపైనా ఆగేలా ఉంది.

ఆయన చేతులు దించాడు. గోడవైపు జరిగి సంతకం పెట్టాడు. సంతకం పూర్తయ్యేలోపే కుర్చీ పక్కనుంచి జారుకుంటూ పోయి, వాలు దిగి, బురదలో రెండు నున్నటి గీతలు గీసింది.

*

అయిదు కుర్చీలూ వచ్చాయి. ఫిజియో వాటి కవర్లు లారీ దగ్గరే చింపించింది. గోడకి రాయి మాత్రం రాలేదు. కంపెనీ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. గుమ్మంలో మేనేజర్, రెండు చేతులూ బారజాపి ఉన్నాడు. కింద, 'లబ్ధిదారుణ్ణి చేతులు చాచి ఆహ్వానిస్తున్న మేనేజర్' అని వేశారు. మేనేజర్ దాన్ని ఫ్రేము కట్టించి, బీరువా పక్కన ఖాళీ అయిన చోట తగిలించాడు. పొద్దున్నే రాగానే జేబురుమాలుతో దాన్నే తుడుస్తున్నాడు.

ఆ పై గురువారం ఫిజియో పలక తీసుకుని తాత ముందు కూర్చుంది. "ఇందులో పాతవన్నీ తీసేస్తున్నా తాతగారూ. ఏమేం కావాలో చెప్పండి."

జెండా ఒక్కో మాటా అందిస్తుంటే తాత తలూపుతూ పోయాడు. 'వద్దు' అన్నప్పుడు రెండుసార్లు ఊపాడు. 'వరండా' అన్నప్పుడు ఒకసారి. గొంతు మార్చమంటారా అంటే, అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఈ మధ్య ఆ పిల్ల మీద ఆయనకి గురి కుదిరింది.

"ఇంకేం కావాలి బావా?"

తాత ఎడమ చెయ్యెత్తి, అరచేత్తో గాలిని ఒక పక్కకి తోశాడు. జెండా చెప్పాడు, ఫిజియో ఎక్కించింది.

సోమవారం తొమ్మిదింటికి మేనేజర్ నడవా మధ్యలో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. వెనకనుంచి మెత్తగా చక్రాల చప్పుడు, దాని వెంటే సబ్బు పిల్ల గొంతు, పొద్దుటి ఎండలా హుషారుగా వినిపించాయి.

"పక్కకి జరగండి."

మేనేజర్ జరిగాడు. జరుగుతూ, ముందు జాగ్రత్తగా, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

వరండాలో తాత కుర్చీ ఆపి, తల పైకెత్తాడు. రోడ్డవతల పసుపు క్రేన్ ఇవాళ కాంక్రీటు తొట్టిని ఊయలూపుతోంది. కింద సిగ్నల్ ఇచ్చేవాడు ఫోను చూసుకుంటున్నాడు. తాత కుర్చీలో వెనక్కి వాలి, ఎడమ కాలు సర్దుకుని, వాళ్ళిద్దరినీ, వాళ్ళకి పని నేర్పినవాళ్ళనీ, తీరిగ్గా మొదటినుంచీ తిట్టుకోవడం మొదలుపెట్టాడు. పదకొండింటికి వచ్చి తోసుకుపోయేవాళ్ళు లేరు. బోలెడు టైముంది.